స్టాండు సంచీలో మడత

మా మావయ్య పగలు రెగ్జిన్ కత్తిరిస్తాడు, శనివారం సాయంత్రాలు హోటల్లో డ్రమ్స్ వాయిస్తాడు. ఇందులో ఏది అసలు పని, ఏది కొసరు అని అడిగితే ఆయన ఒకటి చెబుతాడు, మా అత్త ఇంకొకటి చెబుతుంది. దుకాణం ఒకటే గది. ముందు సగంలో కుట్టుమిషను, కత్తిరించే బల్ల, గోడ అరల్లో రెగ్జిన్ చుట్టలు. కర్టెన్ వెనక సగంలో ఆయన డ్రమ్ సెట్టు. స్కూటర్ సీట్లకీ, వాయిద్యాలకీ కవర్లు కుడతాం. అమ్మకి ఒంట్లో బాగాలేక నేను తొమ్మిదిలో బడి మానేసినప్పుడు, మావయ్య ఇంటికొచ్చి, "మిషను ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చో అమ్మలూ" అన్నాడు. అప్పట్నించీ అక్కడే కూర్చున్నాను.

సోమవారాలు పెట్టెలాయన వస్తాడు. ఆయనా డ్రమ్స్ వాయిస్తాడు, వేరే బ్యాండులో. డ్రమ్స్‌ని మూలలకి ఇనుము తాపడం చేసిన పెట్టెల్లో తప్ప పెట్టడు, అందుకే ఆ పేరు. స్టాండ్లకి మాత్రం మా సంచీలే. ఆరడుగుల మనిషి. మావయ్యకి ఏమీ కాడు, అయినా "బావా" అంటాడు. ఆ వరసలో అయితే తిట్టుకోవడం సులువని కాబోలు.

"ఇంకా ఆ చెక్క స్నేర్ డ్రమ్మేనా బావా? చెదలు పట్టలేదూ?"

"నీ రేకు డబ్బా కంటే నయం. మొన్న నువ్వు కొడుతుంటే వంటింట్లో గిన్నెలు పడ్డాయనుకుని మా ఆవిడ లేచి వెళ్లింది."

"రేకు కాదు, ఇత్తడి."

"ఇత్తడిదైతే బిందె అంటాం."

పెద్ద డ్రమ్ముని కాలితో కొట్టే పెడల్ దగ్గర ఇంకో తగాదా. మావయ్య పెడల్‌కి పాతకాలపు తోలు పట్టీ, పెట్టెలాయన దానికి రెండు గొలుసులు. "వాయిస్తున్నావో సైకిలు తొక్కుతున్నావో అర్థం కాదు" అంటాడు మావయ్య. నేను తల వంచుకుని కుడుతూ అన్నీ వింటాను. నన్నెవరూ ఏమీ అడగరు. అది నాకు హాయి.

స్టాండ్ల మీద తిరగేసిన పళ్లేల్లా ఉండే ఇత్తడి సింబల్స్‌ని ఎంత ఎత్తున కట్టాలన్నది మాత్రం వాళ్లు ఎన్నటికీ తెగ్గొట్టుకోలేకపోయారు. పెట్టెలాయన తలకంటే పైన కడతాడు. "చెయ్యి లేస్తేనే జనానికి కనబడేది. కింద పెట్టుకుని కొడితే కూరలు తరుగుతున్నట్టుంటుంది" అని ఆయన వాదన. మావయ్యవి ఎప్పుడూ గడ్డం ఎత్తులో ఉండేవి.

ఎండలు ముదిరే రోజుల్లో అవి ఛాతీ దాకా దిగాయి. ఎందుకని పెట్టెలాయన అడిగితే, "కిందుంటే మోత మెత్తగా వస్తుంది. నీకు తెలియదులే" అన్నాడు మావయ్య.

దిగినవి సింబల్స్ ఒక్కటే కాదు. పై అరలో ఉండే నల్ల రెగ్జిన్ చుట్టలు కింది అరలోకి వచ్చాయి. మావయ్య ఎడమ చేత్తో తల దువ్వుకుంటున్నాడు. కర్టెన్ వెనక సున్నం గోడ మీద కుడి చేతి వేళ్ల మరకలు, చీమల బారులా కింద నుంచి పైకి పాకి భుజం ఎత్తులో ఆగిపోయాయి. ఒకరోజు కర్టెన్ తీసేసరికి ఆయన గోడ మీద వేళ్లు నడిపిస్తూ, పళ్లు బిగపట్టి నిలబడి ఉన్నాడు.

"భుజం పట్టేసింది. డాక్టరు ఇలా చెయ్యమన్నాడు. నెలలు పట్టినా వదులుతుందట" అన్నాడు. కర్టెన్ దగ్గరికి లాగి, "కీబోర్డాయన చెవిన పడకూడదు" అన్నాడు.

కీబోర్డాయనదే బ్యాండు. ఆయన చెడ్డవాడని అనను. బాకా ఊదే ఆయనకి పంటికి ఆపరేషన్ అయినప్పుడు, "నిమ్మళంగా బాగయ్యాక రా" అని చేతులు పట్టుకుని మరీ చెప్పాడు. ఆ కుర్చీలో ఇప్పుడు వేరే ఆయన ఉన్నాడు. బాకా ఆయనకి ఎప్పుడో బాగయింది.

కాబట్టి నేను నోరు మెదపలేదు. మావయ్య స్టాండ్ల పై గొట్టాలు తీసేసి, మిగిలిన ముక్కలకి సరిపడా పొట్టి సంచీ కుట్టమన్నాడు. పొడుగు సంచీ అడుగు ఎలాగూ చిరిగింది, పైగా అందులో అవి గలగలమంటూ దొర్లుతున్నాయట. అది మిషను మీద ఉండగానే పెట్టెలాయన తన సంచీ కోసం వచ్చాడు.

"ఇదెవరిదమ్మా?"

"మావయ్యది, బాబాయ్."

ఆయన దాన్ని జానతో కొలిచాడు. కింది అరలోని చుట్టల వైపు చూశాడు. తన సంచీ తీసుకుని, ఒక్క వేళాకోళమైనా ఆడకుండా వెళ్లిపోయాడు. నాకు సూది వేలికి గుచ్చుకుంది.

ఆ నెలాఖరున హోటల్ వాళ్లు పెద్ద హాల్లో కార్యక్రమం పెట్టారు. పెట్టెలాయన బ్యాండు ముందు, మాది తర్వాత. వేదిక మీద సౌండువాళ్ల డ్రమ్ సెట్టు ఒక్కటే. ఎవరి స్నేర్, ఎవరి పెడల్ వాళ్లు తెచ్చుకోవచ్చు, సీటు సర్దుకోవచ్చు. స్టాండ్లు కదపకూడదు. ఒక్కో సింబల్ నెత్తిన ఒక్కో మైకు బిగించి, కాళ్లకి టేపు అంటించేశారు. సింబల్స్ మావయ్య తలకంటే పైనున్నాయి. దించమని అడిగితే, పక్కనే నిలబడి వైర్లు చూసుకుంటున్న కీబోర్డాయన ఎందుకని అడుగుతాడు.

మావయ్య స్నేర్ సంచీ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. "ఎడమ చేత్తో కొడతాలే" అన్నాడు నాతో. కుడిచేతి వాటం మనిషి.

అంతలో వేదిక మీద పెట్టెలాయన గొంతు లేచింది. "ఏంటయ్యా ఇవి? బట్టలారేసుకోడానికా?"

సౌండాయన అన్నాడు, "అన్నా, నువ్వెప్పుడూ ఇంతకంటే పైనే పెడతావుగా."

"పెడతాను. ఇవాళ పెట్టను. దించు."

"మైకులన్నీ మళ్లీ సర్దాలన్నా."

"సర్దు మరి. దానికేగా నువ్వున్నది."

ఆయనే వంగి టేపు పీకేశాడు. సింబల్స్ ఛాతీ దాకా దిగాయి, మావయ్య ఛాతీ దాకా. కీబోర్డాయన నవ్వి, "ఏంటి, ముసలితనం వచ్చిందా?" అన్నాడు.

"నడుం నెప్పి. నీకేమైనా అభ్యంతరమా?" అన్నాడు పెట్టెలాయన.

ఆ పొడుగు మనిషి ఆ పొట్టి స్టాండ్ల మధ్య, చిన్నపిల్లల బెంచీలో ఇరుక్కున్నట్టు వాయించాడు. రెండో పాటలో కర్ర స్టాండుకి తగిలి ఎగిరిపడింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. అయిపోయాక తన ఇత్తడి స్నేర్ తీసుకుని దిగాడు. మెట్ల మీద మావయ్యని దాటుతూ ఆగలేదు.

తర్వాత మావయ్య ఎక్కాడు. స్టాండ్లకేసి చూసి, సీటు ఒక్కటే సర్దుకుని కూర్చున్నాడు. ఏదీ ఎత్తాల్సిన పని పడలేదు. చివర్న కీబోర్డాయన, "శనివారం కాస్త ముందే రండి, కొత్త పాట ఉంది" అన్నాడు. అంతే. ఆ మాట కోసం మావయ్య రెండు నెలలుగా గోడ ఎక్కుతున్నాడు.

సోమవారం పెట్టెలాయన వచ్చాడు. మావయ్య తన స్టూలు ఆయన ముందుకి తోసి, తను బల్ల అంచున కూర్చున్నాడు.

"మొన్న ఘోరంగా వాయించావు" అన్నాడు మావయ్య.

"నీ పద్ధతి ఒకసారి చూద్దామనుకున్నా బావా. పనికిమాలిన పద్ధతి."

"నువ్వు వెళ్తూ వెళ్తూ సీటు కూడా నేలకి దించేశావు. నేను కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి."

"అది ఊరికే. ఒళ్లు మండి."

మావయ్య నవ్వు ఆపుకుంటూ, "ఎప్పటినించి తెలుసు?" అన్నాడు. పెట్టెలాయన నా వైపు చూడలేదు. లేచి, కింది అరలోంచి నల్ల చుట్ట తీసి పై అరలో పెట్టబోయి, మనసు మార్చుకుని మళ్లీ కిందే పెట్టాడు. "తోలు పట్టీ మార్చు, తెగిపోతుంది" అంటూ పెడల్ సంగతి ఎత్తుకున్నాడు.

వానలు తగ్గుముఖం పట్టాక గోడ మీద మరకలు మావయ్య తల దాటాయి. ఒక ఉదయం ఆయన స్టాండ్లకి పై గొట్టాలు బిగించి చూసుకుని, విప్పి, వాటినీ సంచీలో పెట్టబోయాడు.

"అమ్మలూ, ఇది చాలట్లేదే. కొత్తది కుట్టాలి."

"అక్కర్లేదు మావయ్యా" అన్నాను. కుట్టినప్పుడే అడుగున జానెడు మడత లోపలికి దాచాను. బ్లేడుతో కుట్లు తెంచి మడత జార్చాను. సంచీ అంతా వేదికల దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఆ జానెడు మాత్రం ఇంకా నల్లగా మెరుస్తోంది.