ఎసేతా టీచరు పంపకం

మా దీవి బడిలో జరిగిన అభ్యాస వారోత్సవం మీద అచ్చయిన నివేదిక నా దగ్గర ఉంది. రంగుల ఫోటోలు, పూలదండలు వేసుకున్న అతిథులు, చాపలల్లే ముసలమ్మలు, అన్నీ అందులో ఉన్నాయి. ఎసేతా టీచరు గురించి ఉన్నది మాత్రం ఒకే ఒక్క వాక్యం: "చిన్న తరగతిలో క్రమశిక్షణకు సంబంధించిన ఒక అవాంఛనీయ సంఘటన మినహా వారమంతా ఉల్లాసంగా గడిచింది." పేరైనా లేదు. మా ఊళ్లో రెండు తరాల పిల్లలకు మొదటి అక్షరం దిద్దించిన మనిషి అవాంఛనీయ సంఘటనట! ఆ వాక్యం రాసినవారికి ఆమె ఎవరో తెలియదు. తెలిసినవాళ్లు నోరు మెదపలేదు. పెద్దల సభకు రాతగాణ్ని నేను. ఆ వారం జరిగినదంతా నా కళ్లెదుటే జరిగింది. అందుకని ఆమె ఎవరో, ఏం చేసిందో నేను రాస్తున్నాను.

ఎసేతా తండ్రి ఒడ్డున చేపలు పంచేవాడు. పడవలు తెచ్చినదంతా సాయంత్రం రాళ్ల మీద పరిచి, ఊళ్లో ఉన్న ప్రతి ప్రాణికీ, నిన్న పుట్టిన పసిగుడ్డుకూ, చాప మీంచి లేవలేని ముసలికీ సమంగా వాటా వేయడమే మా ఇనాతి. ఎవరు పట్టారన్న ప్రశ్న అక్కడ పుట్టదు. ఈ తోకెలావు దీవుల్లో బతికినవాళ్లం ఇన్నాళ్లూ బతికింది ఆ పంపకం మీదనే. తండ్రి మోకాలి పక్కన కూర్చుని, ఆ కుప్పల మీదే ఎసేతా లెక్కలు నేర్చుకుంది. సమోవాలోని ఆపియాలో టీచరు శిక్షణకు వెళ్లినప్పుడు తోటివాళ్లంతా భిన్నాలతో తంటాలు పడుతుంటే, "చేపను కోసినట్టే కదా" అని ఆమె నవ్వేదట.

నెమ్మదైన మనిషి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బడిలో ఇంటి భాష మాట్లాడిన పిల్లల అరచేతి మీద బెత్తంతో కొట్టాలని అప్పటి హెడ్మాస్టరు నియమం పెట్టాడు. మర్నాడు ఎసేతా తరగతిలో మా భాషలోనే ఒక కథ చెప్పి, నేరుగా ఆయన గదికి వెళ్లి అరచెయ్యి చాపింది. "నేనూ మాట్లాడాను. కొట్టండి" అంది. ఆయన కొట్టలేకపోయాడు. ఆ మరునాడూ వెళ్లి చాపింది, ఆ పైరోజూ చాపింది. బెత్తం దానంతటదే మాయమైంది. అన్నదమ్ములు న్యూజిలాండులోని పోరిరువా వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా, "అక్కడ చేపను కొనుక్కోవాలటగా, నాకేం కర్మ" అనేది. పెళ్లి చేసుకోలేదు. అక్క కూతుర్ని పెంచింది. బడే ఆమెకు ఇల్లు, వాకిలి.

కలోలో అనే అతను మా హెడ్మాస్టరుగా వచ్చింది ఈ ఏడాదే. ఇక్కడే పుట్టి, చిన్నప్పుడే వెల్లింగ్టన్ వైపు వెళ్లిపోయి, అక్కడే చదివి, భార్యాబిడ్డలతో తిరిగొచ్చినవాడు. చెడ్డవాడని నేనెన్నడూ అనను. వారోత్సవం ఆలోచన అతనిదే, మంచి ఆలోచనే. సోమవారం ఊరంతా బడికి వచ్చింది. ముసలమ్మలు పిల్లల చేత మొగలాకులు చీల్పించి చాపలు అల్లించారు. మంగళవారం జాలర్లు ముత్యపుచిప్పతో గాలం చెక్కడం చూపించారు. కొబ్బరిచెట్టెక్కి నీరా దించి చూపిస్తానన్న ముసలాయన సగం ఎక్కి, "ఇక్కణ్నుంచి కూడా బాగానే కనబడుతోందిగా?" అని దిగిపోతే పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. శుక్రవారానికి ఓడలో అతిథులు వస్తారు. ఆటపాటలు, ముగింపు సభ.

చిక్కంతా బుధవారం వచ్చింది. ప్రతి తరగతిలోనూ అందరికంటే మిన్న అయిన విద్యార్థిని ఎంచి బహుమతి ఇవ్వాలని కలోలో సర్క్యులర్ తీశాడు. చిన్న తరగతికి వచ్చిన బహుమతి ఇరవైనాలుగు రంగు పెన్సిళ్ల రేకు డబ్బా. అటువంటిది మా దుకాణంలో ఎప్పుడూ దొరకలేదు. చదువులో ముందున్నది సిలియా అని ఎసేతాయే చెప్పింది. అందులో ఆమె దాపరికం చూపలేదు. సిలియా పెద్దల సభలో ముఖ్యుడైన తనియేలు మనవరాలు. ఇప్పుడు ఒడ్డున వాటాలు పిలిచేదీ ఆ తనియేలే.

కలోలో తరగతిలోకి వచ్చి, చప్పట్లు కొట్టించి, డబ్బా పిల్ల చేతిలో పెట్టి వెళ్లాడు. అతను గడప దాటగానే ఎసేతా చాప పరిచింది.

"పెన్సిళ్లన్నీ ఇక్కడ పొయ్యండి. మనం పదహారు మందిమి. ఎలా పంచుదాం?"

"తలా ఒకటి!" అన్నారు పిల్లలు.

"మిగిలినవో?"

కాసేపు గొడవ. మిగిలినవాటిని సగానికి విరిస్తే సరిపోతుందని వాళ్లే కనిపెట్టారు. విరిచారు. ఎరుపు ఎవరికన్న దగ్గర మళ్లీ గొడవ. "నాకు నలుపొద్దు టీచర్, నలుపు మా పొయ్యిలో బోలెడుంది!" అన్నాడొక గడుగ్గాయి. ఈ లోపల సిలియా ఏడుపు అందుకుంది.

"అవి నావి! నేనే బాగా చదివాను!"

"అవునే తల్లీ, నువ్వే బాగా చదివావు. నీ చదువును ఎవరూ విరవలేరు, అది మొత్తం నీదే. పెన్సిళ్లు మాత్రం ఒడ్డుకొచ్చాయి. ఒడ్డుకొచ్చినవి అందరివీ."

"నాకు చదువొద్దు. పెన్సిళ్లే కావాలి!"

"ఏడువు. కోపం వస్తే నన్ను తిట్టు కూడా. డబ్బా మాత్రం తిరిగి నిండదు."

పిల్ల ఏడుస్తూ ఇంటికి పోయింది. ఆ ఏడుపు అబద్ధమని నేను అనడంలేదు, ఎసేతా కూడా అనలేదు.

మధ్యాహ్నానికి కలోలో ఆమె ముందు నిలబడ్డాడు. ఆ మాటలు వరండాలో కూర్చున్న నాకూ, చాపలల్లే ముసలమ్మలకూ స్పష్టంగా వినిపించాయి.

"ఏంటక్కా ఇది? బడి ఆస్తిని విరగ్గొడతావా?"

"విరగ్గొట్టలేదు, పంచాను."

"నీకు నవ్వులాటగా ఉంది. నేనక్కడ చివరి బెంచీలో కూర్చున్నాను, తెలుసా? టీచరు ప్రశ్న అడిగితే చెయ్యెత్తాలని కూడా తెలీదు. పక్కవాణ్ని తోసుకుని ముందుకెళ్లడం నాకెవరూ నేర్పలేదు. మన పిల్లలూ అక్కడికెళ్లి అలాగే కూర్చోవాలా?"

"చెయ్యెత్తడం నేర్పు. వద్దన్నానా? పక్కవాడి నోట్లోది లాక్కోవడం మాత్రం నా క్లాసులో కుదరదు."

"లాక్కోవడమేంటి? ఆ పిల్ల గెలుచుకుంది!"

"కలోలో, నువ్వు ఓడ దిగిన సాయంత్రమే నీ ఇంటికి వాటా వేశారు. నీకూ, నీ భార్యకూ, నీ ఇద్దరు పిల్లలకూ. నువ్వు వల పట్టుకున్నావా? పడవ లాగావా? ఏ పోటీలో నెగ్గావని పెట్టారు ఆ చేపలు?"

ముసలమ్మల చేతులు ఆగిపోయాయి. కలోలో "అది వేరు, ఇది వేరు" అని, సభకు ఫిర్యాదు రాయడానికి వెళ్లిపోయాడు. ఆ ఫిర్యాదు నా దగ్గర ఉంది. "పంచినది" అన్న మాట అందులో ఎక్కడా లేదు. "ధ్వంసం చేసినది" అని మాత్రం ఉంది.

గురువారం పెద్దల సభ కూర్చుంది. ఇక్కడ నా కోపం నా తోటివాళ్ల మీదే. ఒక్కరైనా ఆమె వైపు మాట్లాడతారనుకున్నాను. బడికి వచ్చే సాయం ఆగిపోతుందని ఒకరు భయపడ్డారు. అతిథుల ముందు పరువు పోతుందని ఇంకొకరు గొణిగారు. తనియేలు మాత్రం ఉన్నమాట అన్నాడు.

"నా మనవరాలు రాత్రి అన్నం ముట్టలేదు. ఇన్నేళ్లలో మా ఇంటికి వచ్చిన మొదటి బహుమతి అది."

"నీ ఇంటికి రోజూ వచ్చేదేంటి అన్నా?" అంది ఎసేతా.

"మాట తప్పించకు చెల్లీ. రేపు ముగింపు సభలో కలోలోకూ, మా పిల్లకూ క్షమాపణ చెప్పు. అయిపోతుంది."

"చెప్పకపోతే?"

"క్లాసు వదులుకోవాలి. దుకాణంలో లెక్కలు చూసుకుంటావు."

నేను లేచి అభ్యంతరం చెప్పాను. రాతగాడు రాయాలే గాని మాట్లాడకూడదని నన్ను కూర్చోబెట్టారు. తీర్మానం అయింది. అయితే మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది: సభ తీర్మానం సాయంత్రం పంపకం దగ్గర, ఊరందరి ముందూ, బిగ్గరగా పిలిచి చెప్పాలి. పిలవని తీర్మానం తీర్మానమే కాదు. ఆమె క్షమాపణ చెప్పకపోతే, ఆ పిలుపు పిలవాల్సింది తనియేలే.

శుక్రవారం ముగింపు సభ బ్రహ్మాండంగా జరిగింది. పిల్లలు పూలు పెట్టుకుని పెట్టె మీద దరువు వేసి ఆడారు, అతిథులు లేచి కాళ్లు కదిపారు. చివర్న కలోలో "ఎసేతా టీచరు గారు ఇప్పుడు రెండు మాటలు చెబుతారు" అన్నాడు. ఎసేతా లేచింది.

"పిల్లలు బాగా ఆడారు. వాళ్లకు దాహంగా ఉంది. ముందు వాళ్లకు కొబ్బరినీళ్లు ఇవ్వండి" అంది. కూర్చుంది.

"అక్కా, ఇంకో మాట ఉంది..." అన్నాడు కలోలో మెల్లగా.

"నా దగ్గర లేదు" అంది ఆమె, వెనక బెంచీ దాకా వినిపించేలా.

సాయంత్రం పడవలు నిండుగా వచ్చాయి. రాళ్ల మీద చేపల కుప్పలు వరుసగా పడ్డాయి. అతిథులు ఓడ ఎక్కేశారు గాని, ఊరు ఊరంతా అక్కడే ఉంది. వార్త అందరికీ తెలుసు. ఎసేతా బుట్ట పట్టుకుని ముందు వరుసలో నిలబడింది. తల దించలేదు. తల దించితే ఆ పిలుపు పిలవడం ఎంత సులువయ్యేదో నాకు తెలుసు. తనియేలుకు ఆ సులువు ఆమె ఇవ్వలేదు.

తనియేలు కుప్పల మధ్య నిలబడి పిలుపు అందుకున్నాడు. "సభ నిర్ణయం. ఎసేతా టీచరు సోమవారం నుంచి..."

"గట్టిగా చెప్పు అన్నా. గాలికి వినపడటంలేదు" అంది ఎసేతా.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఊళ్లో అందరికంటే పెద్దదైన ఫియా బామ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటట? ఏం చేసిందట అమ్మాయి?" అంది.

"పెన్సిళ్లు విరిచింది బామ్మా" అన్నాడు తనియేలు.

"విరిచి? తినేసిందా?"

ఈసారి నవ్వు ఒడ్డంతా పాకింది. తనియేలు నవ్వలేదు.

"పంచింది" అన్నాడు.

ఆ మాట అతని నోటినుంచే వచ్చింది. అతని చేతిలో అప్పుడు ఒక చేప ఉంది, కాళ్లకు రెండువైపులా తాను సమంగా పేర్చిన కుప్పలున్నాయి. నవ్వు ఆగిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే మాట: పంచినందుకు తీసేస్తున్నాం అనాలి. ఊరు ఎదురుచూసింది. సభలో చాప మీద కూర్చుని అనేసిన మాట ఆ రాళ్ల మీద నిలబడి అనడం అతనివల్ల కాలేదు. అది అతని మంచితనమని నేను పొగడను. గురువారమే అనుకోవలసిన సంగతి అది.

"నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను" అంది ఎసేతా, ఊరివైపు తిరిగి. "వినండి. నేను క్షమాపణ చెప్పలేదు, చెప్పను. వచ్చేవారం డబ్బా వచ్చినా ఇదే చేస్తాను. ఇది తప్పయితే, ఈ కుప్పలు కూడా తప్పే. ముందు వీటిని మార్కుల ప్రకారం పెట్టండి, తర్వాత నన్ను తియ్యండి."

తనియేలు చేతిలోని చేపను కుప్ప మీద పెట్టాడు.

"చేపలు ఎండిపోతున్నాయి" అన్నాడు. వాటాలు పిలవడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, తీర్మానం!" అన్నాడు కలోలో.

"మీ ఇంట్లో నలుగురు. బుట్ట పట్టుకురా" అన్నాడు తనియేలు.

కలోలో అక్కడే నిలబడిపోయాడు. అతని కొడుకు వెళ్లి బుట్ట నింపుకొచ్చాడు. ఎసేతా వాటా ఆమె వరుస వచ్చినప్పుడు వచ్చింది, ముందూ కాదు, వెనకా కాదు.

తీర్మానం కాపీ ఇవ్వమని శనివారం కలోలో నా ఇంటికి వచ్చాడు. పిలవని తీర్మానానికి కాపీ ఉండదని చెప్పాను. విద్యాశాఖ ఆఫీసుకు రాస్తానన్నాడు, రాశాడు కూడా. అందుకే నివేదికలో ఆ వాక్యం వచ్చి చేరింది.

సోమవారం పొద్దున గంట కొట్టేసరికి ఎసేతా తరగతి గుమ్మంలో ఉంది. సిలియా ఇంకా ముఖం మాడ్చుకునే ఉంది గాని వచ్చి తన చోట కూర్చుంది. కలోలో గుమ్మం దగ్గర ఆగాడు.

"నువ్వింకా క్షమాపణ చెప్పలేదక్కా."

"లేదు."

"ఈ టర్ము చివర మళ్లీ బహుమతులొస్తాయి."

"రానీ" అంది ఎసేతా. లోపలికి వెళ్లి హాజరు పిలవడం మొదలుపెట్టింది.