రామాంజినప్ప రాసిన చీటీలు

పక్కవాడి పంట చూసి రామాంజినప్పకు ఏనాడూ కళ్ళు కుట్టలేదు, పక్కవాడి ఇల్లు చూసి కడుపు మండలేదు. అరవై ఏడేళ్ళు వచ్చాక, కర్ణాటకలోని చింతామణిలో ఒక ఆసుపత్రి వరండాలో సుజాతమ్మ అనే రిటైర్డ్ టీచరమ్మను చూసి మాత్రం రెండూ ఒకేసారి జరిగాయి.

ఆయన కెంచార్లహళ్ళిలో టమాట పండించుకునే మనిషి. భార్యకు జబ్బుచేసి ఆసుపత్రికి తీసుకొస్తే, ఏ కిటికీ దగ్గర ఏం రాసివ్వాలో తెలియక పొద్దంతా తిరిగాడు. ఆమె కోలుకుంది. ఆయన మాత్రం పొలం కొడుక్కి అప్పజెప్పి, వారానికి మూడు రోజులు మొదటి బస్సుకే వచ్చి, చదువురానివాళ్ళకు కన్నడంలో చీటీలు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళుగా అదే పని, పైసా తీసుకోడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్ని చూడగానే "మన రామాంజినప్ప ఉండాడులే" అని నిమ్మళించేవాళ్ళు. ఆ ఒక్క మాట చాలు, ఆయనకు ఆకలి కూడా గుర్తుండేది కాదు.

ఆర్నెల్ల కింద సుజాతమ్మ వచ్చింది. అదే వరండాలో ఆ చివర కూర్చుని, అదే పని. నోరు తెరిస్తే "ఆధార్ కార్డు ఉండాదా?" అంటుంది. రామాంజినప్పకు ఒళ్ళు మండిపోయేది. తనకు ఎవరి కార్డూ అక్కర్లేదు, నాలుగు ఊళ్ళలో ప్రతి మనిషినీ పేరుతో ఎరుగుదునని ఆయన గర్వం. అలాంటిది, తన దగ్గర చీటీ రాయించుకున్నవాళ్ళే మెల్లగా ఆ చివరికి జారుకోవడం కంటపడింది. చదువుకున్నదని మోజు కాబోలు! ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నా ఆవిడే గుర్తొచ్చేది. ఆవిడకు జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే బాగుండునని కూడా అనుకున్నాడు, రోగులకు సేవచేసే ఈ పెద్దమనిషి.

ఒక సోమవారం, పక్క ఊరి ముసలాయన బుడ్డప్ప ఈయన దగ్గర చీటీ తీసుకుని అటే నడిచాడు. రామాంజినప్ప వెనకే వెళ్ళాడు. సుజాతమ్మ ఆ చీటీ పక్కనపెట్టి కొత్తది రాస్తోంది.

"నేను రాసింది తీసేసేదానికి నువ్వెవరమ్మా?" అని అరిచాడు. వరండాలో అందరూ తలలు తిప్పారు.

సుజాతమ్మ బుడ్డప్ప కార్డు చూపించింది. అందులో పేరు వెంకటరమణప్ప అని ఉంది.

"మీరు ఊర్లో పిలిచే పేరు రాస్తాండారన్నా. కంప్యూటర్ వచ్చినాక కార్డులో ఉండే పేరే కావల్ల. లేకుంటే వెనక్కి పంపిస్తాండారు. పేరొకటే మారుస్తాండా, మిగతాదంతా మీరు రాసిందే."

"కంప్యూటర్ వచ్చి రెండేండ్లాయె. నువ్వు రాకముందు ఎవురు మార్చినారు?" గెలిచాననుకుని అడిగాడు రామాంజినప్ప.

ఆమె తల దించుకుంది. బుడ్డప్పే చెప్పాడు.

"ఎవురూ మార్చలేదప్పా. మళ్ళా బస్సెక్కి ఊరికి పోతా ఉంటిమి. పాపం, మాకోసం అంత దూరం నుంచి వస్తాండావు, నీకేమని చెప్పేది?"

తన చీటీ పట్టుకుని ఎంతమంది, ఏ నొప్పితో, మందు లేకుండా వెనక్కి పోయారో రామాంజినప్పకు తెలియదు. సుజాతమ్మ మీద మంట అప్పటికీ చల్లారలేదు. ఈ తప్పు కూడా ఈవిడే పట్టుకోవాలా అని ఇంకాస్త రాజుకుంది. ఆ మంటతోనే ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు. జేబులో పెన్ను తీయలేదు.

"నువ్వు రాయమ్మా," అన్నాడు. "నేను ఒక్కొక్కర్నే పేరుపెట్టి పిలుస్తా."