ఊడ్చిన నేల మీద ఇప్పపూలు

నలభై ఏళ్లు జంపఖానాల మీద చెట్లూ జింకలూ నేశాను కానీ అడవి మొహం చూడలేదు. వరంగల్ నుంచి ములుగు ఎంత దూరమని! మగ్గం దిగాక, ఈ ఎండాకాలం మొదట్లో పట్టుబట్టి బయలుదేరాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నాతో వచ్చిన కోడలు స్వరూప రాస్తోంది. అటు వెళ్లాలనుకునేవాళ్లు చదవండి. అక్కడ నన్ను దొంగ అన్నారు. తప్పెవరిదో మీరే చెప్పండి.

హనుమకొండ బస్టాండులో ఉదయం ఐదున్నరకు బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు చార్జీ లేదు. ఏడింటికి ములుగులో దిగి, మనిషికి నలభై రూపాయలిచ్చి ఊళ్లలోకి పోయే జీపెక్కాం. అప్పటికే అందులో పదకొండు మందిమి. "అవ్వా, జర జరుగు, ఇంకొకలు ఎక్కుతరు" అన్నాడు డ్రైవరు. "ఇంకెక్కడికి జరగాలె బిడ్డా, నీ ఒళ్లెకా?" అన్నాను. జీపంతా నవ్వింది. అయినా ఇంకొకరిని ఎక్కించనే ఎక్కించాడు.

అడవిలో ఒక ఊరికి కాస్త ముందే దిగి నడుస్తుంటే దారి పక్కన ఇప్పచెట్టు కనిపించింది. కింద గుప్పెళ్లకొద్దీ పూలు, తీయటి వాసన. కంచె లేదు, మనిషి లేడు. కోడలు వద్దంటున్నా కొంగు నిండా ఏరాను. అంతలో బుట్ట పట్టుకుని ఒకామె పరుగున వచ్చింది.

"ఏందవ్వా, మా పువ్వు ఏరుతానవ్?"

"రాలిన పువ్వు మీదెట్లయితదే? పేరు రాసున్నదా? రాసున్నా నాకు సదువు రాదు."

"కింద సూడు. ఊడ్సింది మేము, ఏరేది నువ్వా?"

అప్పుడు చూశాను. అడవంతా ఎండుటాకులే, ఆ చెట్టు కింద మాత్రం వాకిలిలా శుభ్రంగా ఉంది. పూల కాలం రాగానే ఎవరి చెట్టు కింద వాళ్లు ఊడ్చుకుంటారట. అక్కడ రాలింది ఆ ఇంటిదే. ఎండబెట్టి అమ్ముకునే పంట అది.

"కావలి లేకుంటే ఎవలన్నా ఏరుకపోరా?" అని అడిగాను.

"ఎవ్వలు ఏరరు. దొంగను ఇయ్యాల్నే సూస్తాన."

నేను ఒకరి నూలుపోగు ముట్టినదాన్ని కాదు. ఒళ్లు మండిపోయి కొంగులోవన్నీ ఆమె బుట్టలో దులిపేశాను. ఆమె బుట్ట కింద పెట్టి, రెండు దోసిళ్లు తీసి మళ్లీ నా కొంగులోనే పోసింది.

"గిదేందే? ఇప్పుడే దొంగంటివి!"

"అప్పుడు నువ్వు తీస్కున్నవ్. ఇప్పుడు నేనిస్తాన. ఎండబెట్టి ఏంచుకొని తిను, పో."

అవే పూలు, అదే కొంగు. ఇంటికొచ్చి మూడు రోజులైనా నాకేమీ తేలడం లేదు. మా గల్లీలో తాళం వేసిన తలుపుకీ భయమే. అక్కడ చీపురు ఆడించి పోతే చాలట, అడవంతా కాపలా కాస్తుందట. నేను దొంగనని ఒప్పుకోను. కానీ ఆమెది తప్పనడానికీ నాకు నోరు రావడం లేదు, పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. మీరు వెళితే ఒకటి గుర్తుంచుకోండి: పువ్వుకి చేయి చాచే ముందు కింద నేల చూడండి. ఊడ్చి ఉంటే, మనిషి వచ్చేదాకా నిలబడి అడగండి.