మలారంలో గేరు చక్రం

సాబ్జాన్‌కు స్టీరింగు పట్టుకోవడం రాదు. క్లచ్చు ఏదో బ్రేకు ఏదో తెలియదు. అరవై రెండేళ్ళ వయసు వచ్చేదాకా ఆ మనిషి కారులో కూర్చున్న పాపాన పోలేదు. అయినా సరే, హిందూపురం నుంచి ధర్మవరం దాకా పాతకాలపు ఫారిన్ కారు ఏది మొరాయించినా, మా టాక్సీవాళ్ళమంతా పరిగెత్తేది ఆ గాజులమ్ముకునే సాబ్జాన్ దగ్గరికే. నవ్వుతారేమో, నవ్వండి. మొదట్లో నేనూ పళ్ళికిలించినవాణ్ణే.

ఆయనకు ఈ పిచ్చి పెనుకొండలో పట్టుకుంది. గాజులు తొడిగించుకున్న ఒకావిడ, మైనపు కాగితం చుట్టిన బరువైన ముద్ద ఒకటి అటక మీదనుంచి దించి, పాతినుపంలో వేసుకోమని ఇచ్చింది. దాన్ని హిందూపురంలో మెకానిక్ ఏసుదాసుకు చూపిస్తే ఏసుదాసు ఎగిరి గంతేశాడు. అది ఎప్పుడో తయారు చేయడం మానేసిన కారు తాలూకు నీళ్ళపంపు. కొన్ననాటి నుంచి దానికి ఒక్క బోల్టు కూడా బిగించలేదు.

వెనకటికి డబ్బున్న రైతులు కారు కొంటే, మళ్ళీ దొరుకుతాయో లేదోనని నాలుగు సామాన్లు అదనంగా కొని దాచుకునేవారు. కార్లు చేతులు మారిపోయాయి, సామాన్లు మాత్రం అటకల మీదే ఉండిపోయాయి. మగవాళ్ళనడిగితే "ఏమీ లేవు పోవయ్యా" అంటారు. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు! అటక మీద ఏముందో ఆడవాళ్ళకు తెలుసు. పరాయి మగవాడు వాళ్ళ ముందు తీరిగ్గా కూర్చుని, చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పగలడా? గాజులవాడు చెప్పగలడు. గాజు కణుపు దాటేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒకటి మాట్లాడాలి కదా. అప్పుడు సాబ్జాన్ అడిగేవాడు: "అటక మీద బరువైంది, నూనె వాసన వచ్చేది, ఎవురూ ఇప్పనిది ఏమన్నా ఉండాదా తల్లీ?"

అలాంటి వస్తువుకు ఆయనే ఒక పేరు పెట్టుకున్నాడు, 'కొత్తపాతది' అని. కొలతలు కూడా గాజులతోనే తీసేవాడు. "దీని బొక్క పసిబిడ్డ గాజంత" అంటే ఇక దానికి తిరుగులేదు.

నా పేరు రామాంజనేయులు. హిందూపురం స్టేషన్ దగ్గర టాక్సీ నడిపేవాణ్ణి. నా కారు పంతొమ్మిది వందల ముప్పై నాలుగో ఏటి మోడలు. ఒకరోజు పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని పెనుకొండ చడావు ఎక్కుతుంటే గేరుపెట్టెలో పటపటమని, బండి నిలబడిపోయింది. ఏసుదాసు విప్పి చూస్తే ఫస్టు గేరు చక్రం పళ్ళు రాలిపోయాయి. ఆ బండిలో ఫస్టుకూ రివర్సుకూ అదొక్కటే చక్రం. ముందుకు కదలదు, వెనక్కీ పోదు. కొన్నాళ్ళు వాలు చూసి నిలుపుకుని, నలుగురితో తోయించి, రెండో గేరులో లాగించాను. టాక్సీ ఎక్కినవాడు దిగి తోస్తాడా? నానా మాటలూ పడ్డాను. బెంగళూరులో లేతు మీద చేయించిన చక్రం నాలుగు రోజులకే అరిగి చచ్చింది. ఇక పాతినుపానికి ఇచ్చేస్తానని ఒప్పుకుంటే, ఉగాదిలోగా బండి నడవకపోతే వచ్చి ముక్కలు కోసుకుపోతానని ధర్మవరం పాతినుప వ్యాపారి లాల్‌సాబ్ కబురు పెట్టాడు. నాకు ఇంకో పని చేతకాదు. కారు పోతే ఈ వయసులో ఎవడి లారీకో క్లీనరుగా పోవాలి.

సాబ్జాన్ నా పళ్ళూడిన చక్రాన్ని తన మలారంలో, ఆ గాజుల మూటలో, దండల మధ్య పెట్టుకుని బయలుదేరాడు. కదిరి తిరిగాడు, ధర్మవరం తిరిగాడు. సోమందేపల్లి నుంచి ఒక చక్రం తెచ్చాడు. తీరా చూస్తే అది నీళ్ళింజనుది. నాకు ఒళ్ళు మండిపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన గాజులు సర్దుకుంటూ, "తిట్టుకోప్పా, నీ కడుపు చల్లబడేదాకా తిట్టుకో. నేను మళ్ళా పోతా" అన్నాడు. అలాంటి మనిషితో ఏం పోట్లాడతాం!

ఉగాది ముంగిట్లోకి వచ్చాక ఒక సాయంత్రం వట్టి చేతులతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది. తెచ్చేకి కాలేదు."

బుక్కపట్నంలో బాలనాగమ్మ అనే పెద్ద రైతు ఇంట్లో ఉందట. పెళ్ళికూతురుగా వచ్చిననాటి నుంచి, భర్త పోయేదాకా, ఆమెకు గాజులు తొడిగింది సాబ్జానే. ఇప్పుడు కోడళ్ళకు తొడుగుతున్నాడు. ఆ ఇంట్లో దేవుడి పీట మీద, పసుపూ కుంకుమా పూసి ఉంది నా చక్రం! కోడళ్ళు దాన్ని స్వామివారి చక్రమనుకుంటున్నారట, చిన్నకోడలికి మాత్రం గాజుల మీదే భక్తి.

"చిన్నకోడలు నాకిస్తానన్నెది. 'రెండు డజన్లు రంగుగాజులు తొడుగు, అత్త చెరువుకాడికి పోయినప్పుడు తెచ్చిస్తా' అన్నెది."

"మరి తీసుకోకుండా ఏంటికొచ్చినావు?"

"బాలనాగమ్మ దినామూ మొక్కుతాంది రామాంజీ. ఆమెకు తెలీకుండా యాట్ల తెస్తా?"

నా కారు కాదూ కోసేది! కోపంతో ఊగిపోయి, పద నేనే అడుగుతానంటూ మర్నాడు పొద్దున్నే ఆయన్ని బస్సెక్కించాను.

బాలనాగమ్మ మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. సాబ్జాన్ మలారం విప్పకుండా కూర్చున్నాడు. నేను నోరు తెరిచినప్పుడల్లా మోకాలితో పొడిచాడు.

"ఏమి సాబ్జానూ, నిన్న వచ్చినావు, ఈ పొద్దూ వచ్చినావు. ఏమి సంగతి?" అందామె.

ఆయన మూట విప్పి, పళ్ళూడిన చక్రాన్ని ఆమె ముందు పెట్టాడు. "ఇది ఈయప్ప కారుది తల్లీ. నీ పీట మీద ఉండేదీ ఇట్లాంటిదే. మోటారు సామాను. చెప్పేకి నాకు నోరు రాలేదు."

ఆమె లోపలికి ఒకసారి చూసి, కోడళ్ళు వంటింట్లో ఉన్నారని తెలుసుకుని, కిసుక్కున నవ్వింది.

"నాకు తెలీదా అబ్బా? నా మొగుడు కొనింటే! కారు ఆగిపోతాదేమోనని తెచ్చి పెట్టుకున్న్యాడు. బిగించకముందే ఆయనే పాయె. కొడుకులు కారు అమ్మినారు, కారు షెడ్డు తలుపులు గూడా అమ్మినారు. ఇదీ అమ్ముతారని కుంకం పెట్టేసినా. కుంకం పెట్టినదాన్ని ఎవుడు ముడతాడు?"

నాకూ నవ్వొచ్చింది. సాబ్జాన్ లేచి, "అట్లయితే మేము అడగం తల్లీ. ఆయన గుర్తు, నీ కాడే ఉండనీ. పోదాం పా రామాంజీ" అన్నాడు. అన్నాడండీ, అంత మాట! అప్పుడు నాకు కోపం రాలేదు. నేనూ లేచాను.

"కూసోండ్రా" అని కసిరింది బాలనాగమ్మ. లోపలికి పోయి చక్రాన్ని కొంగులో పెట్టుకుని తెచ్చింది. పళ్ళన్నీ నిగనిగలాడుతున్నాయి. సందుల్లో కుంకుమ. "నీ అరిగింది ఈడ పెట్టిపో. పీట ఖాళీగా కనపడితే కోడండ్లు నన్ను పీక్కతింటారు" అంది. తర్వాత నెమ్మదిగా, "ఇది ఒక్కనాడన్నా తిరగల్ల గదప్పా" అంది.

ఏసుదాసు బిగించాడు. లాల్‌సాబ్ వచ్చి, నడుస్తున్న బండిని చూసి, నవ్వుకుంటూ తిరిగి పోయాడు. మొదటి బేరం ఎవరిదీ పట్టుకోవద్దన్నాడు సాబ్జాన్. మలారంతో సహా వెనక సీట్లో ముడుచుకుని కూర్చుని, నాచేత బండిని బుక్కపట్నానికి నడిపించాడు.

బాలనాగమ్మ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "అది యాడుండాది?" అనడిగింది. గేరు కడ్డీ పక్క నేలచెక్క చూపించి, దాని కిందే అన్నాను. వంగి ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించింది. ఫస్టు గేరు వేశాను. బండి గుర్రుమంటూ కదిలింది.

"తిరుగుతాండాదా?"

"తిరుగుతాండాదమ్మా."

ఊరు దాటాం. ఇంజను అరుస్తోంది. నేను రెండో గేరుకు కడ్డీ పట్టుకోబోతే వెనకనుంచి సాబ్జాన్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"గేరు మారిస్తే ఆ చక్రానికి పనుంటాదా రామాంజీ?"

"ఉండదు."

"అట్లయితే మార్చొద్దు."

పెట్రోలు చుక్క కూడా వృథా పోనివ్వని నేను, ఇంజను కాగిపోతున్నా, బుక్కపట్నం చెరువుకట్ట చివరిదాకా ఫస్టు గేరులోనే పోయాను. ఆమె చెయ్యి తీయలేదు.