పెళ్ళినీళ్ళు తాగిన ఒంటె

నేను బడికి పోయే రోజుల్లో మా ధర్మవరం పిల్లలకు ఎడారి పాఠం చెప్పడం పంతులుగారికి ఏమంత సులువుగా ఉండేది కాదు. "ఎడారిలో వానలు పడవు" అని ఆయన మొదలుపెట్టగానే మేమందరం తెలిసిన విషయమే అన్నట్టు తలలూపేవాళ్ళం. "ఎండ మాడ్చేస్తుంది, గాలికి దుమ్ము లేస్తుంది, ముళ్ళచెట్లు తప్ప పచ్చనిది కనిపించదు" అనేసరికి వెనక వరుసలోంచి ఎవరో ఒకరు "మన ఊరే గదా సార్?" అనేవాళ్ళు. ఆయన చికాకుపడి, "కాదు, ఆడ ఒంటెలుంటాయి" అని తేల్చేసేవారు. దాంతో నా మనసులో ఒక విషయం స్థిరపడిపోయింది: ఎడారికి ఉన్నవన్నీ మనకూ ఉన్నాయి, ఒక్క ఒంటె తప్ప. ఆడపిల్లల్లో కొందరు కాసులపేరు కోసం కలలు కంటారు, కొందరు పట్నం మొగుడి కోసం. నేను మాత్రం, ఎనిమిదో తరగతితో బడి మానిపించి మగ్గం పక్కన కూర్చోబెట్టిన తర్వాత కూడా, తెగిన పోగులు అతుకుతూ, మూపురంలో నీళ్ళు దాచుకుని రోజుల తరబడి నడిచే ఆ జంతువును ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలనుకునేదాన్ని. (మూపురంలో నీళ్ళుంటాయని మా వాచకంలో అచ్చయి ఉంది. అచ్చులో ఉన్నదాన్ని అనుమానించవచ్చని అప్పటికి నాకు తెలియదు.)

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలంలో, నాకు పద్దెనిమిదేళ్ళు నిండాక (అప్పటి లెక్కలో ముదిరిపోయిన పెళ్ళికూతుర్నే) హిందూపురం సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లో నేను తల వంచుకుని ఆయన పాదాలు మాత్రమే చూశాను. ఆయన నా పాపిట మాత్రమే చూసి ఉంటారు. ముహూర్తం నడివేసవిలో పడింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మా వీధి బావిలో చేద దించితే నీళ్ళ చప్పుడుకు బదులు బురద చప్పుడు వినిపించేది. పెళ్ళంటే కాళ్ళు కడగాలి, వంట చేయాలి, మగపెళ్ళివారు స్నానాలు చేయాలి. నాయన ఎక్కడెక్కడి దొరువులకో మనుషుల్ని పంపి, కుండ కుండగా తెప్పించి, పట్టు కడిగే రాతితొట్టి నిండా, రెండు పెద్ద గంగాళాల నిండా నీళ్ళు పోయించాడు. వాటి మీద గోనెపట్టాలు కప్పి, నగల పెట్టెను చూసినట్టు పొద్దునొకసారి, మాపునొకసారి చూసుకునేవాడు. చీరలైనా అరువు తెచ్చుకోవచ్చు కానీ నీళ్ళు అరువిచ్చేవాడు ఆ ఏడు ఎవడూ లేడు.

సరిగ్గా పెళ్ళికి ముందురోజు, నాకు నలుగు పెట్టి కూర్చోబెట్టిన మధ్యాహ్నం, మా పెరటి గోడ మీదుగా ఒక తల లోపలికి చూసింది. పొడుగాటి మెడ, బరువుగా వాలిన రెప్పలు, చీలిన పైపెదవి. "మీ పెళ్ళికి నన్నెందుకు పిలవలేదు?" అన్నట్టు నా వైపే చూస్తూ ఏదో నములుతోంది. హిందూపురంలో ఆడిన సర్కస్ కంపెనీ ఒకటి రైల్లో మా ఊరికి బయల్దేరిందట. ఏనుగుతో సహా అన్నీ బుద్ధిగా పెట్టెలెక్కాయట గానీ ఒంటె మాత్రం ససేమిరా అన్నదట. చివరికి దాన్ని తోలేవాడు పెనుకొండ మీదుగా రోడ్డు వెంట నడిపించుకొచ్చాడు. దారిలో చెరువులన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం, దుమ్ము కొట్టుకుపోయిన ఆ మనిషి (మేము ఒంటె సాయిబు అని పేరు పెట్టుకున్నాం) మా వేపచెట్టు నీడ చూపించి, తర్వాత ఒంటెను చూపించి, "పానీ నై, పానీ నై" అని చేతులు తిప్పాడు. అతని మాటల్లో మాకు అర్థమైంది ఆ రెండు మాటలే.

"సూస్తివా నాయనా, నీళ్ళు వద్దంటాండాడు. మూపురంలోనే ఉంటాయి దానికి. ఊరికే నీడన కట్టేసుకుంటాడంట" అన్నాను నేను, చదువుకున్నదాన్ని గనుక.

"పెండ్లి ఇంట్లో ఇదేందిమ్మే? రేపు పీటల మీద కూసునేదానివి" అన్నాడు నాయన.

"రేపటి నుంచి హిందూపురంలో ఉంటా. మళ్ళా యాడ సూస్తా ఒంటెను?"

ఆ మాటకు నాయన కరిగిపోయాడు. ఆడపిల్ల వెళ్ళిపోతుందన్న దిగులులో ఏనుగునడిగినా కట్టించేవాడే. ఒంటెను వేపచెట్టుకు కట్టారు. సాయిబు తలపాగా తల కింద పెట్టుకుని అక్కడికక్కడే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. కాసేపటికి అమ్మా నాయనా, వీధిలో సగం జనం మేళంతో సహా మగపెళ్ళివారిని ఎదురుకోవడానికి స్టేషనుకు వెళ్ళారు. ఇంట్లో మెలకువగా మిగిలింది నేనూ, చూపు మందగించిన మా అవ్వా, ఒంటే.

నాకు అంతకంటే మంచి గంట జీవితంలో మళ్ళీ దొరకలేదు. దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. కనురెప్పల వెంట్రుకలు రెండు వరుసలుగా ఉన్నాయి, దుమ్ముకు జల్లెడ కట్టినట్టు. మేకలు ఆకు మాత్రమే ఏరుకు తినే తుమ్మకొమ్మ అందిస్తే, ముల్లుతో సహా పటపటా నమిలేసింది. నేను వేలు పెట్టి చూసుకున్నాను, ముల్లు దిగబడి రక్తం వచ్చింది. మరి దాని నోరు దేనితో చేసినట్టు? పెంటికలు చూస్తే రాళ్ళలా ఎండిపోయి ఉన్నాయి. ఒంట్లోని తడిని అక్కడ కూడా పోనివ్వదన్నమాట! అది మోకాళ్ళ మీద కూర్చుని ఉండగానే, మగ్గం దగ్గర పడి ఉన్న ఎర్ర పట్టుపోగు తెచ్చి మూపురం చుట్టూ తిప్పి కొలత తీసి ముడి వేశాను. ఎన్ని బిందెలు పడతాయో తేల్చుదామని నా ఉద్దేశం. మూపురం ఒక పక్కకు వాలి ఉంది. దారిలో కొన్ని నీళ్ళు ఖర్చయి ఉంటాయని నాకు నేనే వివరణ కూడా చెప్పుకున్నాను.

అంతలో గాలి తిరిగి గోనెపట్టా కొద్దిగా లేచింది. ఒంటె ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. లేచి నిలబడి ఒక్క గుంజు గుంజేసరికి తాడు ఊడింది. నాలుగంగల్లో తొట్టి దగ్గరికి చేరి మూతి ముంచింది.

నేను అరవాల్సింది. అందరూ తర్వాత నన్ను అడిగింది అదే. కానీ "నీళ్ళు అక్కర్లేని జంతువు" నీళ్ళు తాగడం మొదలుపెడితే ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. మెడ వెంట గుక్కలు గుండ్రాళ్ళలా దొర్లుకుంటూ దిగుతున్నాయి. తొట్టిలో నీటిమట్టం కళ్ళముందే జారిపోతోంది. వరండాలోంచి అవ్వ, "ఎవురే అది, అంత చప్పుడు చేసుకుంటా తాగుతాండారు? మగపెండ్లోళ్ళు అప్పుడే దిగినారా ఏమి?" అని అడిగింది. నేను తేరుకుని "హోయ్" అని పరుగెత్తేసరికి ఒంటె బెదిరి వెనక్కి తిరిగింది. దాని వెనకకాలు తగిలి ఒక గంగాళం, అది దొర్లి రెండోది బోల్తా పడ్డాయి. మా ఎండిన పెరడు ఆ నీళ్ళన్నిటినీ ఒక్క గుటకలో మింగేసింది.

ఏడుపు రావాల్సిన సమయమే అది. వచ్చేది కూడా. అయితే దానికంటే ముందు ఇంకో ఆలోచన వచ్చింది: ఇప్పుడు మూపురం ఎంత పెరిగి ఉంటుంది? ఒంటె నిలబడే ఉంది, నాకు అందదు. పట్టుపోగు పట్టుకుని, చీర దోపుకుని, ఖాళీ తొట్టి గట్టు మీదికెక్కి, ఒంటె మీదికి వాలి కొలత తీశాను. కొస సరిగ్గా ముడి దగ్గరికే వచ్చింది. పోగంత తేడా లేదు! మళ్ళీ తీశాను. అంతే. సరిగ్గా అప్పుడే మేళం మా వాకిట్లోకి, ఒంటెను చూడాలన్న పిల్లల వెంట మగపెళ్ళివారంతా తిన్నగా పెరట్లోకి వచ్చారు. ఒళ్ళంతా పసుపుతో, ఒంటె మూపురాన్ని కావిలించుకుని ఉన్న పెళ్ళికూతుర్ని చూసి సన్నాయి మధ్యలో ఆగిపోయింది.

ముందుగా నోరు తెరిచింది పెళ్ళికొడుకు మేనత్త. "ఏందప్పా ఇది? పిల్ల ఒంటెకు కొలతలు తీస్తాండాది! రవిక కుట్టిస్తాదా ఏమి?"

నాయన బోర్లాపడిన గంగాళాలు చూశాడు. ఆయన మొహం చూశాక నేను తొట్టి గట్టు దిగాను. "అమ్మా, కాళ్ళకు నీళ్ళు..." అని మేనత్తతో ఏదో అనబోయి ఆగిపోయాడు.

"కాళ్ళకు నీళ్ళు ల్యాని ఇంట్లో పెండ్లేందబ్బా?" అందామె. "రేపు నూరు మందికి అన్నం దేంతో వండుతారు, ఒంటె పాలతోనా? తిరుగు రైలుకే పోదాం పాండి."

మేళగాళ్ళు నేల చూస్తున్నారు. అప్పుడు పెళ్ళికొడుకు ముందుకొచ్చారు. నేను తల వంచుకున్నాను, మళ్ళీ ఆ పాదాలే కనిపించాయి. అవి నా ముందు ఆగాయి.

"మూపురం పెరిగిందా?" అని అడిగారాయన.

నా జీవితంలో ఆయన నన్నడిగిన మొదటి మాట అది. తల ఎత్తేశాను. "ల్యా. ముడి కదల్లేదు. కడుపు మాత్రం ఉబ్బింది, సూడండి."

"అట్లయితే మూపురంలో ఏముండాది?"

"అదే నాకూ తెలీడం ల్యా."

"హిందూపురం టేషన్లో దీన్ని రైలెక్కించాలని ఎనకనుంచి నెట్టినోళ్ళలో నేనొకణ్ణి" అన్నారాయన, అదేదో పెద్ద చుట్టరికం అయినట్టు. "అప్పుడే అనుకుంటి. నీళ్ళుంటే తొణకల్ల గదా అని."

మేనత్త నెత్తి కొట్టుకుంది. కానీ ఆయన వంగి ఒంటె అడుగు చూస్తున్నారు, చేటంత వెడల్పుగా, మెత్తగా ఉన్న ఆ అడుగును. లేచి నాయనతో, "మామా, చిత్రావతి ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు పడవా?" అన్నారు. పడతాయి, పక్కనున్న మా మేనమామకు చోటు కూడా తెలుసు. కానీ ఏటి నడుమకు పోవాలి, ఆ మెత్తటి ఇసుకలో బండి చక్రాలు దిగబడిపోతాయి, అందుకే ఎవరూ ఆ పని పెట్టుకోలేదు. "బండి దిగబడ్తాది. ఇది దిగబడదు" అన్నారు పెళ్ళికొడుకు. "తాగింది గదా, మోయనీ."

సాయిబును లేపారు. మగ్గాల తాళ్ళతో అప్పటికప్పుడు వలలు అల్లి, బిందెలు కట్టి, మేనమామా, సాయిబూ, పెళ్ళిబట్టల్లోనే పెళ్ళికొడుకూ ఏటికి బయల్దేరారు. నేనూ వస్తానన్నాను. అవ్వ నా జడ పట్టుకుని ఆపింది. వాకిలి దాటుతుండగా ఉండబట్టలేక, "గాలి లేసినప్పుడు అది ముక్కు మూసుకుంటాదంట. రవ్వంత సూడండి!" అని కేకేశాను. వీధి వీధంతా విన్నది. చాలా ఏళ్ళు నా పేరుకు ముందు ఆ కేక పెట్టే నన్ను పిలిచారు.

పొద్దు వాలేలోగా ఒంటె బిందెలతో ఊగుకుంటూ వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. తొట్టి నిండింది. ఇసుక వడగట్టిన ఆ నీళ్ళు మునుపటివాటికంటే తేటగా ఉన్నాయి. మొదటి చెంబు నాయన మేనత్త పాదాల మీదే పోశాడు. ఆమె చల్లదనానికి కళ్ళు మూసుకుని, "ఉండనీలేప్పా, పిల్లకు అమాయకం ఎక్కువ" అని తీర్పు ఇచ్చింది. మర్నాడు పొద్దున జీలకర్ర బెల్లం పెట్టి, తెర తీసేటప్పుడు ఆయన నా చెవి దగ్గరికి వంగారు. పక్కనున్న అమ్మలక్కలు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆయన చెప్పింది మాత్రం, "ముక్కు మూస్తాది. నేను సూస్తి" అని.

మూపురంలో ఏముందో తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆయన కండ అన్నారు, నేను కొవ్వు అన్నాను. చివరికి హిందూపురం వచ్చిన పశువుల డాక్టరు ఒకాయన కొవ్వేనని, తిండి దొరకనప్పుడు అది కరిగి మూపురం వాలిపోతుందని చెప్పాడు. ఆ రోజు మా ఆయన ఓటమిని చాలా హుందాగా ఒప్పుకుని, ఆ తర్వాత వారంపాటు నాతో కొవ్వు మాట ఎత్తలేదు.

కాపురానికి వెళ్ళిన కొత్తలో హిందూపురంలో తొలకరి పడింది. చినుకులు వెలియగానే పెరటి నేలలోంచి ఆరుద్ర పురుగులు బయటికొచ్చాయి, ఏ అద్దకంలోనూ పడని ఎరుపుతో, మఖమల్ గుండీల్లాగా. ఇన్ని నెలలు ఆ కాలిన మట్టిలో ఇవి ఎక్కడున్నాయి, ఏం తిన్నాయి, వాన పడిందని వీటికి ఎవరు చెప్పారు అని మేమిద్దరం బురదలో గొంతుక్కూర్చుని వాదించుకుంటున్నాం. లోపల పొయ్యి మీద అన్నం మాడి, పొగ ఇల్లంతా కమ్ముకుంది. అత్తగారు వాకిట్లోకి వచ్చి, "ఇద్దరికిద్దరూ సరిపోయినారు" అని కేకలు వేస్తుంటే, మేము తలలు కూడా ఎత్తలేదు. ఇప్పుడు నాకు మోకాళ్ళు వంగవు, పురుగు కనిపించినా కళ్ళజోడు వెతుక్కునేలోగా వెళ్ళిపోతుంది. బురదలో కూర్చున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. దానికి అన్నం మాడిన వాసన తెలియలేదు. నాకేమో ఈ మధ్య మాడకముందే తెలిసిపోతోంది.