నలభై మూడు బావుల యోబు

పొదిలికి పడమట, మార్కాపురం పోయే బండిదారి పక్కన నల్లగుట్లపల్లె అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరి క్రైస్తవ పాలెంలో పుట్టిన యోబు బావులు తవ్వేవాడు. పదహారో ఏట మొదటిసారి మోకు పట్టుకుని బావిలోకి దిగాడు. నలభై అయిదేళ్లు వచ్చేసరికి ఆ చుట్టుపక్కల నలభై మూడు బావులు తవ్వాడు. ఏ బావిలో ఏ లోతున మన్ను ఆగిపోయింది, ఎక్కడ రాయి తగిలింది, ఆ రాయి రంగేమిటి, నీళ్లు ఏ మూల నుంచి ఊరాయి, అన్నీ అతనికి గుర్తే. ఏదీ రాసుకునేవాడు కాదు. ఫలానా సంవత్సరం అని అంకె చెప్పేవాడు కాదు. జ్వరాలతో జనం పోయిన ఏడు అనేవాడు, పాత పాస్టరయ్య వేరే ఊరికి మారిపోయిన ఏడు అనేవాడు, మా పెద్దపిల్లకు బాప్తీస్మం ఇచ్చిన ఏడు అనేవాడు.

యోబు కథ నాకు చెప్పింది మా నాయన. ఆయన పేరు కరుణాకరం. 1936లో పొదిలి దగ్గర ఒక చిన్న మిషను దవాఖానాకు డాక్టరుగా వచ్చాడు. వచ్చిన నెల తిరక్కముందే ఆయనకు ఒక సంగతి వింతగా తోచింది. నలభై ఏళ్ల మగవాళ్లు మెడ తిప్పలేక మనిషంతా తిరిగి చూస్తున్నారు. వంగి చెప్పు తొడుక్కోలేకపోతున్నారు. ఒకావిడ నేలమీద కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడి అన్నం తింటున్నానని చెప్పింది. మందు పట్టించినా, తైలం రాసినా గుణం కనబడలేదు. ఒక ఊళ్లో ఇంటికొకరు ఇట్లా ఉంటే, పక్క ఊళ్లో ఒక్కరూ లేరు.

మరుసటి ఏడు యోబు తన అన్న దావీదును బండిలో వేసుకుని ఆ దవాఖానాకు వచ్చాడు. దావీదుకు అప్పటికి యాభై. వెన్ను కర్రలాగా బిగుసుకుపోయింది.

"నడుము ఎన్నేళ్ల నుంచి పట్టుకుంది?" అని నాయన అడిగాడు.

దావీదు చెప్పకముందే యోబు అందుకున్నాడు. "ఆరేండ్లయినాదయ్యా. పెదకొండారెడ్డి దొడ్లో బావి తవ్వేటప్పుడు మొదలయింది. ముప్పై అడుగులకాడ గడ్డపార ఆడ్నే పడేసి పైకొచ్చినాడు. మళ్లీ దిగలా."

అంత కచ్చితంగా చెప్పే మనిషి నాయనకు అంతవరకు దొరకలేదు. ఊళ్లన్నీ తిరిగి ఇట్లాంటివాళ్లను లెక్కవేయాలని ఉంది, తోడు వస్తావా అని అడిగాడు.

"ఎండాకాలం బావుల పని ఉంటది. వానలు పడినంక వస్తా" అన్నాడు యోబు. అన్నట్టే వానలు పడ్డాక వచ్చాడు.

అదే ఏడు మద్రాసు కాలేజీ నుంచి చెన్నకేశవరావు అనే ఆయన వచ్చాడు. రాళ్ల శాస్త్రం చదివినవాడు. పడమటి పలకరాయి ఎక్కడ ఆగిపోతుందో, తూర్పు గట్టిరాయి ఎక్కడ మొదలవుతుందో పటం గీయడం ఆయన పని. నేలమీది రాయి ఎండకూ వానకూ పుచ్చిపోయి ఉంటుంది కాబట్టి అసలు రాయి చూడాలంటే బావుల్లోకి దిగాలి. బావులంటే ఎవరిని అడిగినా యోబు పేరే చెప్పారు.

యోబు ఆయన్ని మోకు కట్టి బావుల్లోకి దింపాడు. ఒకరోజు ఒక చేను గట్టున నిలబడి, "పలకరాయి ఈడికి సరి. ఆ రేగుచెట్టు దాటితే మీరు గట్టిరాయి అంటాండే గింజరాయి. దాంట్లో నల్లటి మెరుపు ఉంటది" అన్నాడు. చెన్నకేశవరావు మూడు రోజులు కొలతలు వేసి గీత గీస్తే అది రేగుచెట్టు పక్కగానే పోయింది.

ఇట్లా యోబు కొన్ని వారాలు డాక్టరు వెంట, కొన్ని వారాలు రాళ్ల పండితుడి వెంట తిరిగాడు. వాళ్లిద్దరికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఒక మధ్యాహ్నం బావి ఒడ్డున సద్ది విప్పుకుంటూ యోబు అన్నాడు:

"అయ్యా, డాక్టరయ్య పుస్తకంలో రాసుకున్న ఊర్లు, మీరు పటంలో గింజరాయి అని రాసుకున్న ఊర్లు చూస్తే ఒకటిగానే ఉండాయి. మీరిద్దరూ ఒకపాలి కూచొని మాట్లాడుకుంటే బాగుంటది."

చెన్నకేశవరావు నవ్వాడు. "నేను రాళ్లు చూసుకునేవాణ్ణి, ఆయన రోగులను చూసుకునేవాడు. మాకు మాటలేముంటాయయ్యా?"

"నడుము పట్టుకున్నోళ్లు అందరూ గింజరాయి నీళ్లు తాగినోళ్లే. పలకరాయి మీదుండే ఊర్లలో ఒకరు గూడా లేరు. నేను ఇద్దరితో తిరిగినా గాబట్టి నాకు కనపడింది."

ఆయన నవ్వు ఆపేశాడు. మర్నాడు పొద్దున్నే పటం చుట్టుకుని దవాఖానాకు వచ్చాడు.

వరండాలో పటం పరిచి, నాయన తన పుస్తకం చూసి ఒక్కొక్క ఊరి మీద చుక్క పెడుతూ పోయాడు. చుక్కలన్నీ గీతకు తూర్పునే పడ్డాయి. నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువగా ఉంటే పళ్లు పాడవుతాయని నాయన వైద్య పత్రికల్లో చదివి ఉన్నాడు. ఎముకలూ పాడవుతాయేమో అన్న అనుమానం అప్పుడు కలిగింది. అది తేల్చాలంటే రసాయన శాస్త్రం తెలిసినవాడు కావాలి. గుంటూరులో ఆ పాఠాలు చెప్పే వీరరాఘవయ్యకు ఉత్తరం రాశారు. ఆయన దసరా సెలవులకు తోడు మరో నెల సెలవు పెట్టి, గాజు గొట్టాలు ఒక కొయ్యపెట్టెలో సర్దుకుని దిగాడు. ఎర్రటి మందు ఒకటి కలిపి దాంట్లో బావినీళ్లు పోసేవాడు. ఫ్లోరిన్ లేకపోతే ఆ ఎరుపు అట్లాగే నిలుస్తుంది. ఉంటే వెలిసిపోయి పసుపు తిరుగుతుంది. సీసాలు కడగడం, బావి బావికీ పోయి నీళ్లు పట్టుకురావడం యోబు పని.

మొదటి పది బావులూ అనుకున్నట్టే వచ్చాయి. పదకొండోది అడ్డం తిరిగింది. చింతకుంటపాలెం అనే చోట అయిదు ఇళ్లలో ఎనిమిది మందికి వెన్ను బిగిసి ఉంది. వాళ్లు తాగే బావి నీళ్లలో మాత్రం ఎరుపు చెక్కుచెదరలేదు. వీరరాఘవయ్య మూడుసార్లు చేసి చూశాడు.

"మీ రోగం వేరేదై ఉంటుంది డాక్టరుగారూ" అన్నాడాయన.

"ఎనిమిది మందినీ నేనే చూశాను. మీ మందు పాతబడి ఉంటుంది" అన్నాడు నాయన.

చెన్నకేశవరావు ఇద్దరినీ కాదని, ఆ ఊరి దగ్గర తన గీతే తప్పయిందేమో, అసలు ఈ మూడింటికీ సంబంధమే లేదేమో అన్నాడు. ఆ పూట ముగ్గురూ మూడు దిక్కులకు తిరిగి భోంచేశారని నాయన చెప్పేవాడు. పెద్ద చదువులు చదివినవాళ్లమే గానీ, ఒకరి చదువు ఒకరికి అర్థం కాక, కాలేదని ఒప్పుకోనూ లేక కూర్చున్నాం అనేవాడు.

మెట్ల దగ్గర సీసాలు కడుగుతున్న యోబు చేతులు తుడుచుకుని వచ్చాడు. "ఏ ఇండ్లయ్యా అవి?"

నాయన పేర్లు చదివాడు.

"వాళ్లు ఇప్పుడు తాగేది కొత్త బావి. దానికి ఏడేండ్లు. అంతకుముందు గుట్ట కింద బావి నీళ్లు తాగేటోళ్లు. అది వానలకు గోడ పడి పూడిపోయినాది. రెండూ నేనే తవ్వినా. గుట్ట కింద దాంట్లో నల్లమెరుపు రాయి. కొత్తది పలకరాయి. మీరు ఇయ్యాల్టి నీళ్లు చూస్తాండారు. వాళ్ల నడుములు పట్టింది ముందటి నీళ్లకు."

వీరరాఘవయ్య లేచి, పూడిపోయిన బావి ఎక్కడో చూపించమన్నాడు. రెండు రోజులు మన్ను తోడి అడుగున ఊరిన నీళ్లు తెచ్చి పోస్తే గొట్టం పసుపు తిరిగింది.

ఆ తరువాత ముగ్గురూ యోబును వరండాలో కూర్చోబెట్టి నాలుగు రోజులు అడిగారు. బావి ఎప్పుడు తవ్వావు, ఎంత లోతు, ఏ రాయి, ఆ నీళ్లు ఎవరెవరు ఎన్నేళ్లు తాగారు. ఒకే పెద్ద కాగితం మీద నాయన మనుషుల సంగతి, చెన్నకేశవరావు రాళ్ల సంగతి, వీరరాఘవయ్య నీళ్ల సంగతి రాస్తూ పోయారు. నాలుగో రోజు సాయంత్రం వీరరాఘవయ్య వరసలు లెక్కపెట్టాడు.

"నలభై మూడు అన్నావే యోబూ. నలభై రెండే వచ్చాయి."

యోబు తల దించుకున్నాడు. "ఇంగొకటి మా పాలెందయ్యా."

"దాని నీళ్లు తేలేదే?"

"తెస్తా."

రెండు వారాలు గడిచినా తేలేదు. ముగ్గురిలో ఎవరూ మళ్లీ అడగలేదు.

ఆ బావికి ముందు పాలెం ఆడవాళ్లు పెద్దకులాలవాళ్లుండే పైవూరి బావిని తాకకూడదు కనుక, అంత దూరంలో కడవలు పెట్టుకుని నిలబడేవాళ్లు. ఎవరికైనా దయ కలిగి చేది పోస్తే నీళ్లు, లేకపోతే లేదు. జ్వరాల ఏడు యోబు తల్లి మంచంలో ఉండి నీళ్లడిగితే, పొద్దెక్కిందాకా నిలబడినా కడవ నిండలేదు. ఆమె పోయిన మరుసటి ఎండాకాలం యోబూ దావీదూ పాలెం మధ్యలో బావి మొదలుపెట్టారు. రెండు ఎండాకాలాలు తవ్వారు. నలభై అడుగుల కింద నల్లగా మెరిసే రాయి పగిలి నీళ్లు వచ్చాయి. అతను కూలి లేకుండా, ఎవరూ అడక్కుండా తవ్విన బావి అదొక్కటే.

మూడో వారం యోబు ఆ నీళ్ల సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. "నా ఎదురుగానే చూడండయ్యా" అన్నాడు. వీరరాఘవయ్య నీళ్లు పోశాడు. ఎరుపు మొత్తం వెలిసిపోయింది. నలభై మూడింటిలో దానికన్నా చెడ్డవి రెండే.

"నువ్వు తవ్వినప్పుడు ఎవరికీ తెలియదు యోబన్నా. మాకూ తెలియదు" అన్నాడు నాయన.

"అవునయ్యా. ఇప్పుడు తెలిసింది గదా. ఆదివారం నేనే చెప్తా."

ఆదివారం ప్రార్థన అయ్యాక యోబు లేచి నిలబడ్డాడు. నీళ్ల సంగతి, రాయి సంగతి, రంగు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. "మా అన్న నడుము పట్టుకుంది ఆ నీళ్లకే. ఆ బావి తవ్వింది నేనే. ఇంగ దాని నీళ్లు తాగొద్దు" అన్నాడు.

కొత్తగా కాపురానికి వచ్చిన అన్నమ్మ అనే పిల్ల అడిగింది. "మా అత్త పైవూరి బావికాడ కాళ్లు పీక్కుపోయేదాకా నిలబడేదంట. మళ్లీ ఆడికే పొమ్మంటావా మామా?"

"వద్దమ్మా. ఆ బావి గూడా మంచిది గాదు. అది గూడా చూపించినాం. వాగులో ఇసక తోడితే ఊరే నీళ్లు మంచివి."

"ఎండాకాలం వాగు ఎండిపోదా?" అన్నారెవరో.

"ఎండేది పైపైన. అడుగున పారతానే ఉంటది. వాగొడ్డున బావి తవ్వుదాం. తవ్విందాక మోసుకొచ్చుకుందాం."

కొందరు గొణిగారు, ఒకరిద్దరు లేచి బయటికి పోయారు. దావీదు గోడకు చేరబడి ఉన్నాడు. మెడ తిప్పకుండానే అన్నాడు, "ఆ బావి ఇద్దరం తవ్వినాం. నాకు ఇంగ నయం గాదు. మీ పిల్లోళ్ల నడుములన్నా నిలబడనీయండి. వాడు చెప్పినట్టు చేయండి."

ఆ మధ్యాహ్నమే యోబు తన చేతులతో బావి గిలక ఊడదీశాడు. అతని భార్య యేసుమణి కడవ ఎత్తుకుని అరమైలు దూరం వాగుకు నడిచింది. వారం తిరిగేసరికి పాలెం ఆడవాళ్లంతా ఆమె వెంట నడిచారు.

వాగొడ్డు సర్కారు నేల. ముగ్గురూ సంతకాలు చేసి తాలూకా కచేరీకి అర్జీ పెట్టారు. అనుమతి రావడానికి ఏడు నెలలు పట్టింది. ముగ్గురూ కలిసి చోటు గుర్తుపెడితే, యోబు ఆ గుర్తును వాగు మలుపు లోపలి ఒడ్డుకు జరిపాడు. "మీరు పెట్టినకాడ వరదొస్తే ఒడ్డు కోసేస్తది" అన్నాడు. చెన్నకేశవరావు వాగును ఎగాదిగా చూసి తన కర్ర పీకి అక్కడ పాతాడు. 1939 ఎండాకాలంలో పద్దెనిమిది అడుగులకే నీళ్లు పడ్డాయి. గొట్టంలో ఎరుపు ఎర్రగానే ఉంది. మరుసటి ఏడు పైవూరి వాళ్లు దానికి వంద గజాల ఎగువన తమకు వేరే బావి తవ్వించుకున్నారు. చోటు చూపించమని యోబునే పిలిచారు. అతను పోయి చూపించాడు.

దావీదుకు నయం కాలేదు. బిగిసిన ఎముక మళ్లీ వదలదని నాయనకు అప్పటికే తెలుసు. దావీదు 1942లో పోయాడు. కానీ వాగొడ్డు బావి తవ్విన తరువాత పాలెంలో పుట్టిన పిల్లల్లో ఒక్కరికీ పళ్ల మీద మరకలు రాలేదు. నాయన ఏటా పోయి చూసి వచ్చేవాడు.

ముగ్గురూ కలిసి రాసిన వ్యాసాన్ని మద్రాసులో ఒక సభలో చదివారు. బావుల వయసూ లోతూ యోబు అనే మేస్త్రీ చెప్పినవని అందులో పేరు పెట్టి రాశారు. వీరరాఘవయ్య ఆ కాగితాలు తెచ్చి తెలుగులో చదివి వినిపిస్తే, యోబు కళ్లు మూసుకుని విన్నాడు. ఒకచోట ఆపాడు. "చింతకుంట కొత్త బావి ముప్పై ఆరు అడుగులు గాదయ్యా. ముప్పై ఎనిమిది." వీరరాఘవయ్య కలం తీసి దిద్దాడు.

ఆ తరువాత యోబు తవ్వడం కన్నా వద్దనడమే ఎక్కువ చేశాడు. రాయి తగిలిందాకా తవ్వి ముక్క కొట్టి చూసేవాడు. నల్లమెరుపు ఉంటే మోకు చుట్టుకుని వచ్చేసేవాడు. ఎంత పెద్ద ఆసామి బతిమాలినా మళ్లీ దిగేవాడు కాదు. అప్పటికి అతని వెన్నూ బిగుస్తూ వచ్చింది. ఇరవై ఏళ్లు పాలెం బావి నీళ్లు తాగిన వెన్ను అది. 1946లో బావి దిగడం మానేశాడు.

1949 ఎండాకాలంలో అర్ధవీడు పక్క పల్లె నుంచి బండి కట్టుకుని మనుషులు వచ్చారు. వాళ్ల బావి ఎండిపోయింది, కొత్తదానికి చోటు చూపించాలి. యోబు అప్పటికి కూర్చోలేడు.

"ఈ ఎండకు పోయి ఏం చేస్తావు? రాయి ముక్క తెమ్మను, ఈడ్నే చూద్దువుగాని" అంది యేసుమణి.

"రాయి ఒకటే చూస్తే చాలదే. వాగు యాడుందో, గుట్ట యాడుందో చూడాల" అన్నాడు.

బండిలో వరిగడ్డి పరిపించుకుని, వెల్లకిలా పడుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకుని పోయాడు. మూడు రోజులు అక్కడే ఉండి, మంచం మోయించుకుంటూ ఆ పల్లె నాలుగు వైపులూ చూసి చోటు చెప్పి వచ్చాడు. ఇరవై రెండు అడుగులకు నీళ్లు పడ్డాయని, సీసాలో పట్టి నాయనకు పంపామని ఆ పల్లెవాళ్లు కబురు పెట్టారు. ఆ నీళ్లు మంచివేనని నాయన స్వయంగా పోయి చెప్పేనాటికి యోబుకు మంచం మీద ఒత్తిగిల్లడం కూడా కష్టమైపోయింది. సంగతి విని, "పిల్లోళ్లు ఎంతమంది ఉండారయ్యా ఆ ఊర్లో?" అని అడిగాడు.

నూటికి పైనే ఉంటారని నాయన చెప్పాడు.