జీరో టికెట్ డబ్బులు

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఒకసారి తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ, మెడలో ఆఫీసు కార్డుతో ఆవిడ మనవరాలు. కండక్టరు జీరో టికెట్లు ఇవ్వగానే పెద్దావిడ తన పాత ఛార్జీ చిన్న డబ్బాలో వేసింది.

"దేనికండీ?" అన్నాను ముచ్చటపడి.

"కళ్ళజోడుకండీ. ఎలాగూ బస్సుకి పోయే డబ్బులే కదా."

"అది నిండేసరికి నా మొహం మర్చిపోతావు మామ్మా! ఇవాళే కొందాం. నెలనెలా నేను కడతాను," అంది మనవరాలు.

"అప్పు చేసి చూడాలా నీ మొహం?"

వాయిదాల మీద ఎంత ఎక్కువ పడుతుందో లెక్క కట్టేశాను. చెప్పబోతుంటే, పెద్దావిడ కిటికీలోంచి చూస్తూ, "ఉంగుటూరు వచ్చిందా ఏమిటే?" అంది. ఎదురుగా భీమడోలు బోర్డు పెద్ద అక్షరాలతో ఉంది. నా లెక్క నాలోనే ఉంచుకున్నాను.

మనవరాలు బోర్డు చదివి వినిపించింది. పెద్దావిడ ఏలూరులో దిగుతూ డబ్బా మనవరాలి చేతిలో పెట్టింది.

"మొదటి వాయిదా నాదేనే."

ఇప్పుడు మా ఇంట్లోనూ ఒక డబ్బా ఉంది. బేరంలో మిగిలిన ప్రతి రూపాయీ అందులో వేస్తాను. అవసరమైంది కొనడానికి అది నిండేదాకా మాత్రం ఆగను.